టైమింగు మార్కు ఎవరు చూపించారు?

(చేతులూ చదువులూ – 14వ భాగం)



పోయిన వారం కడపలో ఒక ఎస్సీ హాస్టల్‌కు పోయినాను. మాట్లాడమని పిలిచింది నన్నే గానీ, ఎక్కువ మాట్లాడింది పిల్లలే. ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివే ఒక తమ్ముడు లేచి నిలబడినాడు.

"అన్నా, కులం బడిలో ఉంది, గుడిలో ఉంది, బావి కాడ ఉంది. ఒప్పుకుంటా. ఇంజనుకు కులమేందన్నా? పానా ఎవరు పట్టినా నట్టు తిరుగుతాది కదా?"

మంచి ప్రశ్న. నట్టు తిరుగుతుంది, నిజమే. నట్టుకు మన కులం తెలియదు. కానీ ఏ నట్టు ఎవరి చేతికి ఇవ్వాలి, ఏ నట్టు విప్పేటప్పుడు ఎవరిని బయటికి పంపాలి, అది నట్టు తేల్చేది కాదు. మనుషులు తేల్చేది. ఆ తమ్మునికి అప్పుడు రెండు నిమిషాల్లో చెప్పిన జవాబు నాకే చాలలేదు. అందుకే ఈ భాగం.

నేను టీ తెచ్చిన రోజు

1988లో పదో తరగతి తప్పి కడపలో ఒక కార్ల షెడ్డులో చేరినాను. నాకు 16 ఏళ్లు. అప్పట్లో ట్యాక్సీ అంటే అంబాసిడరే. మా షెడ్డుకు వచ్చే పది బండ్లలో ఏడెనిమిది అవే ఉండేవి. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును తెచ్చి 1950ల చివర్లో అంబాసిడర్ అని పేరు పెట్టి మొదలుపెట్టినారు. 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో చేస్తూనే ఉన్నారు. 1489 సీసీ పెట్రోల్ ఇంజను చాలా ఏళ్లు దాని గుండెకాయ.

ఒకరోజు ఒక బండి వచ్చింది. ఇంజను ముందు భాగంలో గరగరమని చప్పుడు. మేస్త్రీ చెవి పెట్టి విని, "టైమింగు చెయిన్ సాగింది, ఇప్పాల" అన్నాడు. విప్పేది ఎవరు? నేనే.

నీళ్లు వంపి రేడియేటర్ దించినాను. ఫ్యాన్ బెల్టు తీసినాను. క్రాంకు ముందర హ్యాండిల్ తగిలించే పెద్ద నట్టు ఉంటుంది. దాని వెనక లాక్ వాషర్ చెవి మడిచి ఉంటుంది. ఉలితో ఆ చెవిని లేపి, పెద్ద పానా వేసి, సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే గానీ నట్టు కదల్లేదు. పుల్లీ లాగినాను. టైమింగు కవరు బోల్టులు ఒక్కొక్కటీ తీసి, పాత ప్యాకింగును బ్లేడుతో గీకి, కవరు పక్కన పెట్టినాను. లోపల క్రాంకు మీద ఆయిలు చిమ్మే పలచని రేకు బిళ్ల ఉంది. అది తీస్తే చెయిన్ కనపడింది. కింద చిన్న పళ్ల చక్రం, పైన పెద్ద పళ్ల చక్రం, రెంటికీ చుట్టుకొని నల్లగా మెరుస్తా చెయిన్. నేను జీవితంలో మొదటిసారి ఇంజను లోపలి చూపు చూసింది అప్పుడే.

అంతలో మేస్త్రీ వచ్చినాడు. "ఒరేయ్, నాలుగు టీలు తీసుకురా పో."

నేను టీ తెచ్చేసరికి రెండు చక్రాలూ చెయినూ బల్ల మీద ఉన్నాయి. "ఇవి డీజిల్లో కడుగు" అన్నాడు. కడిగినాను. కొత్త చెయిన్ ఎక్కించే పొద్దుకు "ఆ బండి టైరు గాలి చూడు పో" అన్నాడు. తిరిగి వచ్చేసరికి కవరు బిగించి ఉంది.

మొదటిసారి నేను పట్టించుకోలేదు. మూడోసారి కూడా అట్లే జరిగినాక అర్థమైంది. బరువు పని, నూనె పని, గీకే పని, కడిగే పని నాది. మధ్యలో ఉండే ఆ పది నిమిషాలు మాత్రం నాది కాదు. నాతో పాటు చేరిన ఇంకో పిల్లోడు మేస్త్రీ కులపోడు. వాడు బల్ల పక్కనే నిలబడి చూసేవాడు. వాణ్ని టీకి పంపడం నేను చూడలేదు. రెండేళ్లు తిరగకముందే వాడు చిన్న మేస్త్రీ అయినాడు. నేను అదే డీజిల్ డబ్బా కాడ ఉన్నాను.

ఆ పది నిమిషాల్లో ఏముంది?

ఇంజను సంగతి తెలియని వాళ్ల కోసం చెబుతాను. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు సుట్లు తిరిగితే క్యాము ఒక సుట్టు తిరగాలి. అందుకే క్యాము చక్రానికి క్రాంకు చక్రానికంటే రెండింతల పళ్లు ఉంటాయి. క్రాంకు పిస్టన్లను పైకీ కిందికీ నడిపిస్తుంది. క్యాము వాల్వులను తెరిపిస్తుంది. పిస్టన్ ఎక్కడున్నప్పుడు ఏ వాల్వు తెరవాలి, ఎప్పుడు మూయాలి అనే ఒప్పందాన్ని నిలబెట్టేది ఈ చెయినే. టైమింగు అంటే ఆ ఒప్పందం.

చెయిన్ తీసేముందు మొదటి పిస్టన్‌ను పైకొసకు తెచ్చుకోవాలి. రెండు చక్రాల మీదా సన్నని గుంట చుక్క ఉంటుంది. అంబాసిడర్ ఇంజనులో ఆ రెండు చుక్కలూ ఒకదానికొకటి ఎదురుగా నిలబడాలి. అట్లా నిలిపినాకనే క్యాము నట్టు విప్పి, రెండు చక్రాలనూ చెయినుతో సహా కొంచెం కొంచెంగా, ఒకటి ముందుకు రాకుండా ఒకటి వెనకబడకుండా, జతగా లాగాలి. క్రాంకు చక్రం వెనక పలచని వాషర్లు ఉంటే వాటిని పారేయకూడదు. రెండు చక్రాలూ ఒకే గీత మీద నిలబడటానికే అవి ఉన్నాయి. ఎక్కించేటప్పుడూ అంతే, చుక్కకు చుక్క. ఒక్క పన్ను తప్పితే బండి లాగదు, స్టార్టింగ్ సరిగా రాదు. ఇప్పటి కొన్ని ఇంజన్లలో అయితే వాల్వులు పోయి పిస్టన్‌కు తగిలి వంకరపోవచ్చు.

విద్య మొత్తం ఇంతే. రెండు చుక్కలు. తెలిసినవాడు చెబితే పది నిమిషాలు, చెప్పకపోతే పదేళ్లు.

మా తాత కట్టిన టైమింగు

సెలవుకు ఊరికి పోయి ఇదంతా తాతకు చెప్పుకున్నాను. తాత నవ్వి, "రెండిటికీ కొలత కుదరాల, అంతేనా? కపిలక్కూడా అంతే కదరా" అన్నాడు.

మాది కడప జిల్లాలో మెట్ట ఊరు. మేం మాదిగలం. ఈ కాలం పిల్లలు చాలామంది కపిల చూసి ఉండరు. బావి గట్టు మీద గిలక. ఏటవాలు దారిలో ఎద్దులు కిందికి దిగితే బావిలోంచి బాన పైకి వస్తుంది. బాన మొదట తోలుదే ఉండేది. ఇనుప బాన వచ్చినాక కూడా దాని కింద తొండం తోలుదే. దానికి రెండు తాళ్లు ఉంటాయి. లావు మోకు బానను లేపుతుంది, సన్న తాడు తొండం మూతిని పట్టుకొని ఉంటుంది. బాన నీళ్లతో పైకి వచ్చేంతసేపూ తొండం మూతి పైకే మడిచి ఉండాలి, లేకుంటే దారిలోనే నీళ్లు కారిపోతాయి. గట్టు మీదికి వచ్చిన క్షణాన మూతి కాలువలోకి వాలి నీళ్లు పడాలి. ఎవరూ చేత్తో వంచే పని లేదు. రెండు తాళ్ల కొలత కుదిరితే దానంతట అదే జరుగుతుంది. కుదరకపోతే నీళ్లు మళ్లీ బావిలోకే.

ఆ తోలు ఊరబెట్టింది, తంగేడు చెక్కతో పదును పెట్టింది, తొండం కుట్టింది, తెగితే అతికింది, తాడు ఎంత పొడుగు ఉండాలో చూసి చెప్పింది మా తాతలు. క్రాంకుకూ క్యాముకూ మధ్య ఉండే ఒప్పందం లాంటిదే ఇదీ. దీన్ని ఎవరన్నా విద్య అన్నారా? కులవృత్తి అన్నారు. దీనికి కూలి ఇచ్చినారా? కల్లం కాడ మేర ఇచ్చినారు, అదీ రైతు దయ ఉన్నంత. నీళ్లు పారే కాలువ మా చేతుల్లోంచి వచ్చింది గానీ, ఆ కాలువలో మేం దోసిలి పట్టి తాగడానికి లేదు.

తర్వాత ఆయిలు ఇంజన్లు వచ్చినాయి. ఆ వెనకనే కరెంటు మోటార్లు. కపిలలు మూలకు పడినాయి. కపిలతో పాటు మేరా పోయింది. తాత బాధ కపిల పోయినందుకు కాదు. "ఎద్దుల కష్టం, మన కష్టం తగ్గింది, మంచిదే" అనేవాడు. ఆయన బాధ వేరే. ఊళ్లో మొదటి ఆయిలు ఇంజను దించిన రోజు చూడ్డానికి పోతే, "దూరం, దూరం, ముట్టుకోవద్దు" అన్నారంట. తొండం తెగితే నడిరేయి ఇంటికొచ్చి లేపిన మనుషులే ఆ మాట అన్నది.

పాత యంత్రం మన చేతిలో ఉన్నప్పుడు అది మైల పని. కొత్త యంత్రం వచ్చినాక అదే పని విద్య అయింది. విద్య కాగానే మనం బయట.

తోలు బెల్టు నుంచి ఇనుప చెయిన్‌కు

ఇది ఒక్క మా ఊరి కథ కాదు. యూరపులో ఫ్యాక్టరీలు పెరిగిన కాలంలో ఒక ఇరుసు నుంచి ఇంకో ఇరుసుకు బలాన్ని మోసిన వాటిలో ముఖ్యమైనది తోలు బెల్టు. అదే కాలంలో మన దక్షిణాదిలో తంగేడు చెక్కతో పదును పెట్టిన తోళ్లు మద్రాసు రేవు నుంచి లండన్ వేలాలకు పోయేవి. ఆ వ్యాపారంలో సంపాదించినవాళ్లు చాలామందే. తోలు ముట్టుకున్నందుకు మైల పడింది మాత్రం మనం ఒక్కళ్లమే.

బెల్టుకు ఒక లోపం ఉంది, జారుతుంది. జారినా ఫరవాలేని చోట బెల్టు చాలు. లెక్క తప్పకూడని చోట చాలదు. 1880లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే స్విట్జర్లాండ్ మనిషి బుష్ రోలర్ చెయిన్ తయారుచేసినాడు. ఈరోజు సైకిల్‌కు, మోటార్ సైకిల్‌కు, ఇంజను టైమింగుకు వాడే రోలర్ చెయిన్ల వంశం అదే. పన్నుకు పన్ను పట్టుకుంటుంది, జారదు. 1983లో మన రోడ్ల మీదికి వచ్చిన మారుతి 800లో మళ్లీ పళ్లున్న రబ్బరు బెల్టు వచ్చింది. తర్వాత ఎన్నో కార్లు తిరిగి చెయిన్‌కు పోయినాయి.

తోలు, ఇనుము, రబ్బరు, మళ్లీ ఇనుము. వస్తువు మారుతూనే ఉంది. మరి వస్తువు మారినప్పుడల్లా మనిషి స్థానం మారిందా? ఇదీ చరిత్రను అడగాల్సిన ప్రశ్న.

మన్మాడ్‌లో బాబాసాహెబ్ చెప్పింది

అడిగినవాడు ఒకాయన ఉన్నాడు.

1938 ఫిబ్రవరి 12, 13 తేదీల్లో మహారాష్ట్రలోని మన్మాడ్‌లో జీఐపీ రైల్వేలో పనిచేసే అంటరాని కులాల కార్మికుల సభ జరిగింది. బాబాసాహెబ్ అధ్యక్షుడు. కార్మికులకు బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం అని ఇద్దరు శత్రువులున్నారని చెప్పింది అక్కడే. ఈ మాట మన సభల్లో అందరం చెబుతాం. అదే ప్రసంగంలో ఆయన చూపించిన వివరాలు మాత్రం ఎక్కువమంది చదవరు.

రైల్వేలో మనవాళ్లు ఎక్కడున్నారో ఆయన ఒక్కొక్క మెట్టూ లెక్కపెట్టినాడు. పట్టాల మీద గ్యాంగ్‌మన్‌లుగా ఉన్నారు, ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. స్టేషన్‌లో పోర్టర్ ఉద్యోగం కూడా రాదు. ఎందుకంటే స్టేషన్ మాస్టర్ పోర్టర్‌తో ఇంటి పని చేయించుకుంటాడు, అంటరానివాణ్ని ఇంట్లోకి రానివ్వడు. ఇక రైల్వే వర్క్‌షాపుల్లో మెకానిక్‌గా, మేస్త్రీగా, ఫోర్‌మన్‌గా మన మనిషి కనపడడు, కూలీగా చేరి కూలీగానే మిగిలిపోతాడు అని ఆయన చెప్పినాడు.

బొంబాయి బట్టల మిల్లుల్లోనూ అంతే. నేత విభాగంలో కూలి ఎక్కువ. అక్కడ నూలు పోగును నాడెలోకి నోటితో పీల్చాలి. మన ఎంగిలి తగులుతుందని ఆ విభాగంలోకి మనల్ని రానివ్వలేదు. 1928 సమ్మె కాలంలో బాబాసాహెబ్ ఈ సంగతిని యూనియన్ ముందు పెట్టి నిలదీసినాడు. ఆలోచించండి, అది ఆ కాలంలో మన దేశంలోనే పెద్ద యంత్ర పరిశ్రమ. ఆవిరి, కరెంటు, ఇనుము, అన్నీ కొత్తవే. ఎంగిలి మాత్రం పాతది.

తమ్ముడూ, నీ ప్రశ్నకు సగం జవాబు ఇది. కులం అంటే పనిని పంచుకోవడం కాదు, పనిచేసేవాళ్లను మెట్ల మీద నిలబెట్టడం. ఆ మెట్లు ఫ్యాక్టరీలోకి కూడా నడిచిపోతాయి. జీఐపీ పట్టాలు 1871లో రాయచూరు కాడ మద్రాసు రైల్వే పట్టాలను కలిసినాయి. ఆ మద్రాసు రైల్వే మన కడప మీదుగానే పోతుంది. మా జేజి తమ్ముడు ఆ లైనులో గ్యాంగ్‌మన్. నందలూరులో ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండేది. ఆయన దాన్ని బయట నుంచే చూసి రిటైరైనాడు.

తెరిచిన తలుపులు

మరి మనవాళ్లు మెకానిక్‌లు కాలేదా? అయినారు. వాళ్లంతట వాళ్లు దయతో తలుపు తీస్తే కాలేదు.

1942 నుంచి 1946 దాకా బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబర్. యుద్ధకాలపు సాంకేతిక శిక్షణ ఆ శాఖ కిందనే నడిచింది. స్వాతంత్ర్యం వచ్చినాక 1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకంతో ఐటీఐలు వచ్చినాయి. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. దాంట్లో 3ఏ సెక్షన్ ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాలు కేటాయించాలని చెబుతుంది. 1958లో మన ఆర్టీసీ ఏర్పడింది. రిజర్వేషన్‌తో ఆర్టీసీ డిపో గ్యారేజీల్లోకి పోయి, ఖాకీ చొక్కా వేసి, ఇంజను దించి ఎక్కించిన మొదటి తరం మా వాడల్లో ఇంకా ఉన్నారు. "మేస్త్రీ టీకి పంపినా, డిపోలో ట్రైనింగ్ పుస్తకం ఉండేది, నోటీసు బోర్డు ఉండేది" అని ఒక పెద్దాయన నాతో అన్నాడు. రాసిపెట్టిన విద్యను దాచిపెట్టడం కష్టం. రాజ్యాంగం చేసిన మేలు ఇట్లాంటిది.

ఇంకో తలుపు కూడా ఉంది, దాన్ని మరిచిపోతే తప్పు. కడపలో ముస్లిం ఉస్తాదుల షెడ్లు. నేను మొదటి షెడ్డు వదిలి 1990లో అట్లాంటి ఒక షెడ్డుకు పోయినాను. ఆ షెడ్లు స్వర్గమని చెప్పను. కూలి తక్కువ, తిట్లు ఎక్కువ, బడికి పోవాల్సిన పిల్లలు పానాలు మోసేవాళ్లు. కానీ కూజా ఒకటే, గ్లాసు ఒకటే.

చేరిన నెలకు ఒక అంబాసిడర్ వచ్చింది. అదే గరగర. కవరు దాకా విప్పి, అలవాటు కొద్దీ అడిగినాను, "ఉస్తాద్, టీ తెచ్చేదా?"

ఆయన నా మొఖం చూసినాడు. "టీ ఎందుకురా ఇప్పుడు? చెయిన్ ఎవరు ఇప్పుతారు, మీ నాయన వచ్చి ఇప్పుతాడా? ఇట్లా రా. హ్యాండిల్ మెల్లగా తిప్పు. నిలుపు. ఆ చుక్క కనపడిందా? దానికెదురు ఇంకోటి ఉంది, చూడు."

చూసినాను. చీకటి మడ్డి మధ్యలో, ఆవగింజంత గుంట. వేస్టు గుడ్డతో తుడిస్తే మెరిసింది. రెండేళ్లు నా నుంచి దాచిపెట్టింది ఇదా అనిపించింది. కోపం రాలేదు, కళ్లల్లో నీళ్లొచ్చినాయి. డీజిల్ చేత్తో తుడుచుకుంటే ఇంకా మండినాయి. ఉస్తాద్ అది చూసి, "కండ్లు కడుక్కొని రా, నువ్వొచ్చిందాకా నేను ముట్టను" అన్నాడు.

ముట్టలేదు. నేను వచ్చినాకే చెయిన్ దిగింది, నా చేత్తోనే.

ఇప్పుడు ఏం చేయాల?

ఆ తమ్ముడు మీటింగు అయినాక నన్ను పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పినాడు. చదువు చివరికొచ్చింది, ఇంజను ఇప్పటిదాకా ఒక్కసారి కూడా పూర్తిగా విప్పలేదంట. ఎగ్జిబిషన్ బొమ్మ లాగా కోసిపెట్టిన ఇంజను చూపించి రికార్డు రాయించినారంట. చూడండి, ఇప్పుడు టీకి పంపే పని కూడా లేదు. సర్టిఫికెట్ చేతికిచ్చి మొత్తంగా బయటికే పంపుతున్నారు.

ఈలోగా ఇంజన్లు మారిపోయినాయి. 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్‌లో టైమింగు చెయినే ఉంది. కానీ అంబాసిడర్ లాగా చుక్కకు చుక్క చూసి పెట్టుకునే పని కాదు, క్రాంకునూ క్యాములనూ కదలకుండా పట్టే ప్రత్యేకమైన లాక్ టూల్స్ వేయాలి. ఆ టూల్స్ ఉన్న షెడ్డు బతుకుతుంది, లేనిది పంక్చర్లు వేసుకుంటుంది. ఇక ఎలక్ట్రిక్ బండ్లు వస్తున్నాయి. వాటికి వాల్వులు లేవు, క్యాము లేదు, టైమింగు చెయినే లేదు. కపిల పోయినట్టు ఇదీ పోతుంది. పోవడం తప్పు కాదు. తాత మాటే నా మాట. కానీ హై ఓల్టేజీ బ్యాటరీ విప్పే శిక్షణ ఎవరికి ఇస్తారు, బండి కడిగే పని ఎవరికి ఇస్తారు? ఆ రోజు ఆయిలు ఇంజను కాడ "ముట్టుకోవద్దు" అన్న మాట, రేపు "మీకు క్వాలిఫికేషన్ లేదు" అనే మాటగా వస్తుంది.

అందుకని తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మూడు పనులు చెబుతాను.

ఒకటి. మీ ఐటీఐ, పాలిటెక్నిక్ సిలబస్ తీసి, ప్రాక్టికల్ గంటలు ఎన్ని ఉన్నాయో, ఎన్ని జరిగినాయో తేదీలతో రాసిపెట్టండి. నోటి మాటగా అడిగితే దబాయిస్తారు, కాగితం చూపిస్తే జవాబు చెప్పాలి.

రెండు. అప్రెంటిస్ చట్టం 3ఏ సెక్షన్ చదవండి. అప్రెంటిస్‌లను తీసుకునే సంస్థలో మన స్థానాలు ఎన్ని, నిండినవి ఎన్ని అని సంఘంగా అడగండి. ఆడపిల్లలను కంప్యూటర్ ట్రేడుకే తోసి మెకానిక్ ట్రేడు వద్దంటే, అక్కడా అడగండి.

మూడు. ఇది మనలో మనకు. మీకు తెలిసిన మార్కు మీ వెనక వచ్చేవాళ్లకు చూపించండి. మనలో కూడా దాచిపెట్టే మేస్త్రీలు తయారవుతున్నారు. నేను ఇరవై ఏళ్లు పానా పట్టినాను. నా దగ్గర పనిచేసిన ఏ పిల్లోణ్నీ చెయిన్ తీసే పొద్దు టీకి పంపలేదు. నేను గర్వంగా చెప్పుకునేది అదొక్కటే.

వచ్చే భాగంలో మంగంపేట ముగ్గురాయి గనుల్లో దిగిన మనవాళ్ల గురించి మాట్లాడుకుందాం. మీ ఇళ్లలో కపిల కట్టినవాళ్లు, తోలు కుట్టినవాళ్లు, డిపోల్లో చేసినవాళ్లు ఉంటే వాళ్ల పక్కన కూర్చొని అడిగి రాసిపెట్టుకోండి. మన చరిత్ర చాలా వరకు ఇంకా వాళ్ల నోట్లోనే ఉంది.

జై భీమ్.